తలనొప్పి వంశంలో ఉందా, మన తీరులో ఉందా?

మీ ప్రశ్న – డాక్టరమ్మ జవాబు

ఎండాకాలం మొదలైతే ఈ శీర్షికకు తలనొప్పి ఉత్తరాలే ఎక్కువ వస్తాయి. ఈసారి ఇంకో తమాషా చూశాను. రాసినవాళ్లు తలా ఒక ఊరివాళ్లు, అయినా అందరూ తిప్పి తిప్పి అడిగింది ఒకటే: ఇది మా ఇంటి నుంచి వచ్చిందా, నేను తెచ్చిపెట్టుకున్నదా? అందుకని ఈ నెల షుగరునూ మోకాళ్లనూ పక్కనపెట్టి మైగ్రేన్‌కే చోటిస్తున్నాను. పేర్లు తీసేశాను, ఊళ్లు ఉంచాను.

డాక్టరమ్మ గారికి నమస్కారం. మా అమ్మకు ఒకపక్క తలనొప్పి ఉండేది. నాకు పదో తరగతి నుంచి ఉంది, నెలకు రెండు మూడుసార్లు వస్తుంది. ఆ రోజు వెలుతురు చూడలేను, వాంతి అయితే గానీ తగ్గదు. ఇప్పుడు నా కూతురికి కూడా మొదలైంది. దానికి 13 ఏళ్లు, పెద్దమనిషై ఏడాదైంది. మా అత్త ‘మీ వంశం రోగం మా ఇంటికి తెచ్చినావు’ అంటుంది. మా ఆయన సెల్‌ఫోన్ చూడటం వల్లే అంటాడు. కొడుక్కి ఏమీ లేదు. నిజంగా నా నుంచే వచ్చిందా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఈ సంగతి చెప్పాలా?
– ఒక తల్లి, తాడిపత్రి

అమ్మా, మీ అత్తగారి మాటలో సగం నిజం ఉంది. కాకపోతే ఆమె మిమ్మల్ని పొడవడానికి వాడుతున్నది రెండో సగం.

మైగ్రేన్ కుటుంబాల్లో నడుస్తుంది, అందులో అనుమానం లేదు. అచ్చం ఒకేలా ఉండే కవలలనూ, కలిసి పుట్టినా పోలికలు వేరైన కవలలనూ పోల్చి చూసిన అధ్యయనాలు చాలా ఉన్నాయి. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అన్న తేడాలో సుమారు 40 నుంచి 60 శాతం పుట్టుకదేనని వాటిలో తేలింది. మిగిలిన వాటా నిద్ర, తిండి, నెలసరి, ఎండ, పని, టెన్షన్‌లది.

అయితే వంశమంటే తల్లి వంశమే అని ఎవరన్నారు? మాది పత్తికొండ. నాకు మైగ్రేన్ వచ్చింది మా నాయన నుంచి. ఆయన బడిపంతులు. నొప్పి వచ్చిన రోజు బడి నుంచి రాగానే తలకు తువ్వాలు బిగించి కట్టుకుని, కిటికీ లేని కొట్టుగదిలో పడుకునేవాడు. అమ్మ మమ్మల్ని వీధిలోకి తరిమేది. ఆయన్ను పట్టుకుని ‘నీ రోగం బిడ్డకు అంటించినావు’ అని ఎవరూ అనలేదు. నాయనకు వస్తే పని ఒత్తిడి, అమ్మకు వస్తే వంశం! మేం నలుగురం పిల్లలం. నాకూ మా చిన్న తమ్ముడికీ వచ్చింది, తక్కిన ఇద్దరికీ రాలేదు. మీ కొడుక్కి రాకపోవడమూ ఇలాంటిదే.

దీనికి కారణం ఉంది. ఈ జబ్బును మోసుకొచ్చే జన్యువు ఒక్కటంటూ లేదు. 2022లో వెలువడిన పెద్ద పరిశోధనలో లక్షకు పైగా మైగ్రేన్ రోగుల జన్యువులను, అది లేని 7 లక్షల 70 వేల మంది జన్యువులతో పోల్చారు. తేడాలు 123 చోట్ల దొరికాయి. వాటిలో ఏ ఒక్కటీ తనంతట తాను తలనొప్పి తెప్పించేది కాదు. ఒక్కో తేడా చేసే పని ఆవగింజంత. మీ నుంచి కొన్ని, మీ ఆయన నుంచి కొన్ని కలిసి మీ అమ్మాయికి చేరాయి. మీ అత్తగారి వాటా కూడా అందులో ఉండొచ్చు, చెప్పలేం.

ఇంకో మాట. పిల్లలకు వచ్చేది నొప్పి కాదు, మార్పుకు తొందరగా ఉలిక్కిపడే మెదడు. మన సీమవాళ్లకు చెరువు మరవ, అంటే నిండిన నీళ్లు పొర్లిపోయే అలుగు, గురించి చెప్పక్కర్లేదు. మరవ ఎత్తుగా ఉన్న చెరువు ఎంత వాననైనా నిలుపుకుంటుంది. మరవ తక్కువ ఎత్తులో ఉంటే రెండు వానలకే పారుతుంది. మీ అమ్మాయి పుట్టుకతో తెచ్చుకున్నది మరవ ఎత్తు మాత్రమే, దాన్ని మనం మార్చలేం. వాన సంగతి వేరు. ఒక రాత్రి నిద్ర చెడితే కొంచెం, పొద్దున తినకపోతే ఇంకొంచెం, ఎండలో నడిచొస్తే మరికాస్త, దాని మీద నెలసరి. ఈ నాలుగూ ఒకే రోజు పడితే పారక ఏం చేస్తుంది? అదే పిల్ల మరో రోజు అదే ఎండలో తిరిగొచ్చినా ఏమీ కాకపోవడం మీరు చూసే ఉంటారు. ఆ రోజు తక్కినవి లేవు, అంతే.

పెద్దమనిషయ్యాక మొదలవడంలోనూ వింతేమీ లేదు. చిన్నతనంలో మగపిల్లలకూ ఆడపిల్లలకూ మైగ్రేన్ ఇంచుమించు సమానంగానే వస్తుంది. ఈడొచ్చాక ఆడవాళ్లలో రెండు మూడు రెట్లవుతుంది. నెలసరికి ముందు ఈస్ట్రోజెన్ హార్మోను ఒక్కసారిగా పడిపోతుంది, ఆ పడిపోవడమే చాలామందిలో నొప్పిని లేపుతుంది. గర్భం నాలుగో నెల దాటాక చాలామందికి నొప్పులు తగ్గేదీ, ముట్లు ఆగిపోయాక ఇంకా తగ్గేదీ ఈ హార్మోను వల్లే.

మీరు రాయలేదు గానీ నేను ఊహించి అడుగుతున్నాను. ఆ పిల్ల చిన్నప్పుడు ఊరికే కడుపునొప్పి అనేదా? బస్సెక్కితే వాంతులయ్యేవా? అవునంటే ఆశ్చర్యపోను. మైగ్రేన్ కుటుంబాల్లోని పిల్లలకు తలనొప్పి కంటే ముందు ఇవే వస్తుంటాయి. గంటల తరబడి బొడ్డు చుట్టూ నొప్పి, ముఖం పాలిపోవడం, అన్నం వద్దనడం, మరునాటికి మామూలైపోవడం. బడి ఎగ్గొట్టడానికి నాటకమని రెండు దెబ్బలు కూడా వేస్తారు.

ఇక మీ ఆయన మాట. ఫోన్ వెలుతురు కంటే, ఆ ఫోన్ తినేసిన నిద్ర పెద్ద కారణం. ఫోన్ లాక్కోవడం కన్నా పిల్ల రోజూ ఒకే వేళకు పడుకుని ఒకే వేళకు లేచేలా చూడండి, ఆదివారంతో సహా. పొద్దున ఒట్టి పాలు తాగి బడికి పోనివ్వకండి. రెండు దోసెలో ఇంత ఉగ్గానో తినాలి. నీళ్ల సంగతి దాన్ని ఒంటరిగా కూర్చోబెట్టుకుని అడగండి. బడిలో మరుగుదొడ్డి బాగాలేదని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా చుక్క నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లలను నేను మా ఓపీలో లెక్కలేనంత మందిని చూశాను. వాళ్లకు మాత్ర రాసేముందు ఆ బడి హెడ్మాస్టరుకు చీటీ రాయాలి!

నొప్పి మొదలైన వెంటనే, అంటే ముదరక ముందే, పిల్ల బరువును బట్టి పారాసిటమాల్ గానీ ఐబూప్రోఫెన్ గానీ ఇవ్వాలి. ఎంతో మీ డాక్టరు చెబుతారు. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు వద్దు. చీకటి గదిలో గంట పడుకోనిస్తే సగం మందికి సగం తగ్గుతుంది. వారంలో రెండు రోజుల కంటే ఎక్కువ మాత్ర పడుతోందంటే చూపించాల్సిందే.

సంబంధాల సంగతికొస్తే, దాచకండి. అలాగని దోషం ఒప్పుకుంటున్నట్లూ చెప్పకండి. మన పక్కనే కర్ణాటకలో, బెంగళూరు నగరంలోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన సర్వేలో ఏడాది కాలంలో మైగ్రేన్ వచ్చిన పెద్దవాళ్లు 25 శాతం ఉన్నారు. అంటే నలుగురిలో ఒకరు. మనమేమీ వేరే నేల మనుషులం కాదు. కాబట్టి చెప్పేటప్పుడు అటువైపు వాళ్లను కూడా అడగండి. పెళ్లికొడుకు మేనత్తో, పెదనాన్నో తప్పకుండా బయటపడతారు.

నేను డిగ్రీ చదువుతున్నాను. నాకు మైగ్రేన్ ఉంది. మా మేనమామ కొడుకుతో సంబంధం అనుకుంటున్నారు. మామకు కూడా ఇదే నొప్పి. మేనరికం చేసుకుంటే పిల్లలకు కచ్చితంగా వస్తుందా? ముందే జీన్ పరీక్ష చేయించుకుంటే తెలుస్తుందా?
– ఒక విద్యార్థిని, అనంతపురం

అడగాల్సిన ప్రశ్నే అడిగావు తల్లీ. మన జిల్లాల్లో మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, అడిగేవాళ్లే తక్కువ.

మేనరికంలో అసలు భయం వేరే జబ్బులది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చెడ్డ జన్యువులు రెండూ కలిస్తేనే బయటపడే జబ్బులు కొన్ని ఉంటాయి. దగ్గరి రక్తంలో ఆ రెండూ కలిసే అవకాశం పెరుగుతుంది. పుట్టు చెవుడు, కొన్ని రకాల కండరాల జబ్బులు, రక్తపు జబ్బులు అలాంటివి. మామూలు మైగ్రేన్ ఆ కోవలోది కాదు. ఇందాక తాడిపత్రి అమ్మకు చెప్పినట్లు అది ఎన్నో చిన్న తేడాల కూడిక. మీ మామ నుంచి అతనికి కొన్ని వచ్చి ఉంటాయి, మీ అమ్మ నుంచి నీకు కొన్ని. పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది, కచ్చితం మాత్రం కాదు. బయటి సంబంధం చేసుకున్నా, ఆ అబ్బాయికి మైగ్రేన్ ఉంటే లెక్క దాదాపు ఇంతే. మైగ్రేన్ ఒక్కదాన్ని చూసి ఈ సంబంధం వదులుకోమని నేను చెప్పను. మేనరికం గురించి ఆలోచించడానికి వేరే కారణాలు చాలానే ఉన్నాయి, వాటి గురించి మీ ఇంట్లో కూర్చుని మాట్లాడండి.

జీన్ పరీక్షకు డబ్బు పోయకు. మామూలు మైగ్రేన్‌కు అది ఏమీ చెప్పదు. ఒక్క అరుదైన రకం ఉంది. తలనొప్పితో పాటు ఒకపక్క చెయ్యీ కాలూ చచ్చుబడి కాసేపటికో, కొన్ని రోజులకో మళ్లీ మామూలవుతాయి, ఇంట్లో ఇంకొకరికీ అలాగే వస్తుంది. దానికి కారణమైన జన్యువును 1996లో 19వ క్రోమోజోమ్ మీద మొదటిసారి పట్టుకున్నారు. తర్వాత ఇంకో రెండు దొరికాయి. ఆ రకంలో తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే ఒక్కో బిడ్డకు సగానికి సగం అవకాశం. పరీక్ష పనికొచ్చేది అలాంటి ఇళ్లలో. నీకు చెయ్యి పడిపోవడం, మాట తడబడటం లాంటివి లేవు కదా? ఉంటే మాత్రం ఈ జవాబు పక్కనపెట్టి న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లు.

మేడమ్, ఆదోని పత్తి మార్కెట్‌లో గుమాస్తాను. 41 ఏళ్లు. మా నాయనకు తలనొప్పి ఉండేది, నాకూ ఇరవై ఏళ్ల నుంచి ఉంది. ముందు నెలకొకసారి, అదీ ఆదివారమే వచ్చేది. ఇప్పుడు రోజూ ఉంటుంది. పొద్దున లేస్తూనే తల బరువు. మందుల అంగడిలో ఇచ్చే మాత్ర రోజూ ఒకటి, సీజన్‌లో రెండు వేసుకుంటా. టీలకు లెక్కలేదు. వంశపారంపర్యం కాబట్టి ఇంతే అని సరిపెట్టుకోవాలా?
– ఆర్., ఆదోని

సరిపెట్టుకోవద్దు నాయనా. మీ నాయన ఇచ్చింది నెలకొకసారి వచ్చే నొప్పిని. దాన్ని రోజువారీ నొప్పి చేసింది ఆ మాత్ర.

నమ్మబుద్ధి కాదని తెలుసు. నొప్పి తగ్గించే మాత్ర నొప్పిని ఎలా తెస్తుందని నా ఎదురుగానే నవ్విన వాళ్లున్నారు. కానీ ఇది బాగా తెలిసిన జబ్బే. ఒట్టి పారాసిటమాల్ లాంటివైతే నెలలో 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు దాటి వాడితే తలనొప్పి ఉన్నవాళ్ల మెదడు మందుకు అలవాటు పడుతుంది. మందు దిగగానే నొప్పి మళ్లీ లేస్తుంది. అంగడిలో ఇచ్చేది ఏదో రాయలేదు గానీ అలాంటి మాత్రల్లో కాఫీ, టీల్లో ఉండే కెఫీన్ కలిసినవి చాలా ఉంటాయి. దాని మీద మీ టీలు. పొద్దున లేస్తూనే తల బరువెందుకంటే, రాత్రంతా మీ ఒంట్లోకి మాత్రా పోలేదు, టీ కూడా పోలేదు.

ఆదివారం సంగతి కూడా తేల్చేద్దాం, ఎందుకంటే అది మీ ఒక్కరిదే కాదు. వారమంతా లారీలు, తూకాలు, చిట్టాలు. టెన్షన్ ఉన్నన్నాళ్లు తల నిలబడుతుంది, టెన్షన్ దిగిన రోజు పడిపోతుంది. పైగా ఆదివారం ఆలస్యంగా లేస్తారు, మొదటి టీ మూడు గంటలు ఆలస్యం, టిఫిన్ పదకొండుకు. మైగ్రేన్ మెదడుకు కష్టం కన్నా మార్పు అంటే ఎక్కువ పడదు. ఆదివారం కూడా ఆరింటికే లేవండి. కావాలంటే టిఫిన్ తిని మధ్యాహ్నం ఓ కునుకు తీయండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆ మాత్ర ఆపాలి. ఆపిన మొదటి వారం పది రోజులు నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. చాలామంది మూడో రోజుకే ఓడిపోయి అంగడికి పోతారు. అందుకే ఒంటరిగా ఆపకండి, డాక్టరు దగ్గర ఆపండి. పత్తి సీజన్ అయిపోయిన నెలను ఎంచుకోండి. టీలు ఒకేసారి కాకుండా వారానికి ఒకటి చొప్పున తగ్గించి రెండుకు తీసుకురండి. డాక్టరు రోజూ వేసుకునే నివారణ మందు రాస్తారు. చీటీ చదివి బెదరకండి. ప్రొప్రనొలాల్ చూసి ‘నాకు బీపీ లేదు కదా’ అనీ, అమిట్రిప్టిలిన్ చూసి ‘నేనేమన్నా పిచ్చివాడినా’ అనీ, టోపిరమేట్ చూసి ‘ఇది ఫిట్స్ మందు’ అనీ మానేసిన వాళ్లు నాకు తెలుసు. అవన్నీ ఆ జబ్బులకూ వాడతారు, మైగ్రేన్ రాకుండా ఆపడానికీ వాడతారు. మీకు ఉబ్బసం ఉంటే మాత్రం ముందే చెప్పండి, ప్రొప్రనొలాల్ పనికిరాదు. ఏ మందైనా పనిచేస్తుందో లేదో తేలడానికి రెండు నెలలు ఓపిక పట్టాలి.

గురక పెడతారా? ఇంట్లో వాళ్లనడిగి డాక్టరుకు చెప్పండి. పొద్దున తలనొప్పికి అదీ ఒక కారణమే.

నేను టీచర్ని, 34 ఏళ్లు. తలనొప్పికి ముందు కంటి ముందు మెరిసే వంకరటింకర గీతలు వస్తాయి. పుస్తకంలో సగం అక్షరాలు కనిపించవు. ఇరవై నిమిషాలకు అది పోయి నొప్పి మొదలవుతుంది. కళ్లజోడు రెండుసార్లు మార్చాను. మా హెడ్మిస్ట్రెస్ ‘నువ్వు ప్రతిదీ పట్టించుకునే రకం, అలాంటి వాళ్లకే ఇది’ అంటారు. మా అక్కకు కూడా ఇలాగే వస్తుంది. పిల్లలు కాకుండా మాత్రలు వాడుతున్నాను, దానికీ దీనికీ సంబంధం ఉందా?
– కడప

మీరు చివర రాసిన వాక్యానికి ముందు జవాబిస్తాను. ఉంది. మాలా-డి లాంటి, ఈస్ట్రోజెన్ కలిసిన గర్భనిరోధక మాత్రలు మీలాంటి వాళ్లు వాడకూడదు. నొప్పికి ముందు గీతలు కనిపించే రకం మైగ్రేన్ ఉన్నవాళ్లకు పక్షవాతం వచ్చే ముప్పు మామూలు వాళ్ల కంటే సుమారు రెట్టింపు. మీ వయసులో అసలు ముప్పే చాలా చిన్నది కాబట్టి రెట్టింపైనా చిన్నదే, భయపడకండి. కానీ ఈస్ట్రోజెన్ మాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. ఈ వారంలోనే గైనకాలజిస్టును కలిసి కాపర్-టి లాంటిదానికి మారండి. మీ అక్కకూ చెప్పండి. ఏ డాక్టరు దగ్గరికి ఏ పని మీద వెళ్లినా ‘నాకు గీతలతో మైగ్రేన్ వస్తుంది’ అని మొదటి మాటగా చెప్పడం అలవాటు చేసుకోండి.

ఆ గీతలు కంటివి కావు, మెదడువి. అందుకే కళ్లజోడు మార్చినా పోలేదు. మెదడు వెనక భాగంలో, చూపును అర్థం చేసుకునే చోట, ఒక అలజడి మొదలై నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా పాకుతుంది. అది పాకినంత సేపు గీతలు కూడా జరుగుతుంటాయి. ఈ లెక్క కట్టిన తీరు భలే ఉంటుంది. కార్ల్ లాష్లీ అనే అమెరికన్ శాస్త్రవేత్త తనకు గీతలు కనిపించినప్పుడల్లా అవి ఎంతసేపట్లో ఎంత జరిగాయో కాగితం మీద గీసుకుని 1941లో ప్రచురించాడు. మూడేళ్లకు లియావో అనే బ్రెజిల్ శాస్త్రవేత్త అమెరికాలో పనిచేస్తూ కుందేలు మెదడు మీద పాకే అలను చూశాడు. రెండు వేగాలూ దాదాపు కలిశాయి. మీరు కూడా ఈసారి గడియారం చూసి, బోర్డు మీద గీసినట్లు కాగితం మీద గీయండి. డాక్టరుకు అంతకంటే పనికొచ్చే రిపోర్టు లేదు. గీతలు గంట దాటినా, కళ్లు బైర్లు కమ్మి ఒక్కసారిగా చూపు పోయినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మీ హెడ్మిస్ట్రెస్ గారి సిద్ధాంతం పాతది. 1930లలో హెరాల్డ్ వుల్ఫ్ అనే పేరున్న డాక్టరు ‘మైగ్రేన్ వ్యక్తిత్వం’ అని ఒకటి వర్ణించాడు: పట్టుదల, ప్రతిదీ పక్కాగా ఉండాలనే తత్వం, పేరు కోసం తపన. తర్వాతి పరిశోధనల్లో అది నిలవలేదు. నా అనుమానం ఏమిటంటే, అలాంటి మనుషులే డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లు. నోరులేని కూలిమనిషి తలకు గుడ్డ కట్టుకుని చెనిక్కాయల చేనులోనే పని చేసుకుంటుంది, ఏ డాక్టరు పుస్తకంలోకీ ఎక్కదు. దిగులు, ఆందోళన మైగ్రేన్‌తో కలిసి ఉండటం నిజమే. అది స్వభావం చెడ్డదని కాదు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నప్పుడు రెండింటికీ వైద్యం చేయాలి, అంతవరకే.

ఇంకొకటి. ‘ఓళిగ తిన్నా, వచ్చింది’, ‘మెడ పట్టింది, అందుకే వచ్చింది’ అని మీ ఉత్తరం వెనక రాశారు. ఒక్కోసారి అది తిరగేసిన లెక్క. నొప్పికి కొన్ని గంటల ముందు, ఒక్కోసారి ముందురోజే మెదడులో పని మొదలైపోతుంది. జర్మనీలో ఒక మైగ్రేన్ రోగికి నెల రోజులు వరసగా రోజూ స్కాన్ తీసి, 2016లో ఆ సంగతి ప్రకటించారు. నొప్పి రావడానికి ముందురోజు ఆమె హైపోథాలమస్‌లో మార్పు కనిపించింది. ఆకలి, నిద్ర, ఆవులింతలు అన్నీ చూసుకునే చోటది. కాబట్టి తీపి మీద మనసు పోవడం, మెడ పట్టడం, ఊరికే ఆవులింతలు రావడం అప్పటికే మొదలైన నొప్పికి సూచనలు కావచ్చు. పండగ పూట ఓళిగ మానకండి.

శనివారం తలకు పోసుకుంటే చాలు, మధ్యాహ్నానికి తలనొప్పి. మా ఇంట్లో అందరూ నవ్వుతారు.
– ఎమ్మిగనూరు

నవ్వనివ్వండి. ముంబైలో తలనొప్పుల వైద్యుడు కె. రవిశంకర్ గారు తలస్నానంతో మైగ్రేన్ వచ్చే 94 మంది మన దేశపు రోగుల గురించి 2006లో అంతర్జాతీయ వైద్య పత్రికలో రాశారు. పొడుగు జుట్టు, చాలాసేపు తడి తల. శనివారమైతే దానికి ఒక్కపొద్దు కూడా తోడవుతుంది కదా? తిన్న తర్వాత పోసుకోండి, గోరువెచ్చటి నీళ్లతో, వెంటనే ఆరబెట్టుకోండి. దేవుడేమీ అనుకోడు.

రంజాన్ మొదటి వారం రోజాలు ఉన్నప్పుడు సాయంత్రం నాలుగయ్యేసరికి తల పగిలిపోతుంది. తర్వాత తగ్గుతుంది. మా అబ్బాజాన్‌కూ ఇంతే. రోజాలు మానేయాలా?
– కర్నూలు పాతబస్తీ

మొదటి వారమే వచ్చి తగ్గుతోందంటే టీ ఆగిపోవడం వల్ల కొంత, నిద్ర వేళలు తలకిందులవడం వల్ల కొంత. రంజాన్‌కు రెండు వారాల ముందు నుంచే పగటి టీలు ఒక్కొక్కటీ తగ్గించండి. సహరీ వదిలేసి పడుకోవద్దు, అప్పుడు నీళ్లు బాగా తాగి, తొందరగా అరిగిపోనివి తినండి. నివారణ మందు వాడుతుంటే దాని వేళలను సహరీకి, ఇఫ్తార్‌కు మార్చి ఇమ్మని డాక్టరును అడగండి. ఇంత చేసినా వాంతులయ్యేంత నొప్పి వస్తే ఆ రోజు గురించి మీ మతపెద్దలను అడగండి. జబ్బుపడ్డ వాళ్లకు వెసులుబాటు ఉందని వాళ్లే చెబుతారు.

నాకు 58 ఏళ్లు. రెండు నెలల నుంచి కణత దగ్గర నొప్పి. దువ్వెన తగిలినా నొప్పే. సంగటి నమిలేటప్పుడు దవడ లాగుతుంది. ఇంతకుముందు తలనొప్పి ఎరగను. మా అమ్మకు పెద్ద వయసులో తలనొప్పి ఉండేది కాబట్టి అదే నాకు వచ్చిందని ఊరుకున్నాను. ఏ మాత్ర వాడాలి?
– జమ్మలమడుగు

మీ ఉత్తరం అందిన రోజే ఆఫీసు వాళ్లతో మీకు ఫోన్ చేయించాను. మరునాడే ఆసుపత్రికి వెళ్లారని తెలిసింది. ఇక్కడ వేస్తున్నది మీ ఈడు వాళ్ల కోసం.

యాభై దాటాక కొత్తగా మొదలైన తలనొప్పిని వంశం ఖాతాలో వేయకూడదు. మైగ్రేన్ సాధారణంగా చిన్న వయసులోనే మొదలవుతుంది. కణత నొప్పి, నెత్తి ముట్టుకోనివ్వకపోవడం, నమిలితే దవడ నొప్పి కలిసి వచ్చాయంటే కణత రక్తనాళం వాచి ఉండొచ్చు. దానికి ఈఎస్ఆర్, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు చేస్తారు. అవి ఏ చిన్న ల్యాబులోనైనా దొరుకుతాయి. అవసరమైతే కణత నుంచి చిన్న ముక్క తీసి చూస్తారు. స్టెరాయిడ్ మందుకు బాగా లొంగే జబ్బు, ఆలస్యం చేస్తే మాత్రం చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రాదు.

ఒక్కసారిగా పిడుగు పడినట్లు వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకున్న నొప్పి, చెయ్యో కాలో మాటో పడిపోయిన నొప్పి, దెబ్బ తగిలాక వచ్చిన నొప్పి, గర్భిణికి గానీ బాలింతకు గానీ కొత్తగా వచ్చిన నొప్పి, వీటికి ఏ వయసులోనైనా ఉత్తరం రాసి మా జవాబు కోసం కూర్చోవద్దు. 108కి ఫోన్ చేయండి.